వట్టివేళ్ళ తడికల నుండి తెల్లని కప్పుల దాకా

అరబ్బీ చరిత్ర గ్రంథాలను తెలుగు చేసేవారికి ‘ఖైష్’ అన్న మాట అప్పుడప్పుడు తగులుతుంది. ముతక నారబట్ట అని నిఘంటువు చెబుతుంది. గోనెపట్ట అని రాసి ముందుకు పోవచ్చు గాని, అసలు సంగతి జారిపోతుంది. తబరీ కథనం ప్రకారం, ఇరాన్ చక్రవర్తులు వేసవిలో ప్రతిదినం ఒక గదికి పచ్చిమట్టి మెత్తించి, పగటివేళ అందులో విశ్రమించేవారు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ (హి. 136–158, క్రీ.శ. 754–775) కాలంలో మందపు బట్టలను తడిపి చట్రాలపై పరచసాగారు. ఆ తరువాత వచ్చినదే ఖైష్. నీరు ఆవిరి అవుతూ గాలిలోని వేడిమిని లాగుకుంటుంది. అక్బరు కాలపు వట్టివేళ్ళ గదులను గురించి అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో రాశాడు. హైదరాబాదు ఇళ్ళలోని ఖస్ తట్టీలు, నేటి డెజర్ట్ కూలర్లు ఆ వంశంలోనివే.

అయితే ఈ ఉపాయానికి హద్దు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు గాలి పొడిగా ఉంటుంది కనుక కూలరు పనిచేస్తుంది. మచిలీపట్నంలో గాలి ముందే తడితో నిండి ఉంటుంది. అక్కడ కూలరు పెడితే జిడ్డు తప్ప చల్లదనం రాదు. అక్కడ కావలసినవి నీడ, గాలి కదలిక. కోస్తా మండువా లోగిలి ఇచ్చినది అదే. ఇరాన్‌లో ఈ పని ‘బాద్‌గీర్’ చేసింది. బాద్ అంటే గాలి, గీర్ అంటే పట్టేది. ఈజిప్టు ఇళ్ళలో ఇటువంటి గాలిగూళ్ళను అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ (1162–1231) వర్ణించాడు. వాటి విలువను మన కాలానికి మళ్ళీ చాటినవాడు కైరో వాస్తుశిల్పి హసన్ ఫతహీ (1900–1989). సింధులోని హైదరాబాదు ఇంటి కప్పులమీది గాలిగూళ్ళకు పేరుపొందింది. మన హైదరాబాదు మాత్రం ఎత్తైన కప్పులు, దళసరి సున్నపు గోడలు, నడిమి ఆవరణలను నమ్ముకుంది.

బంజారా కొండలపై మొదట ఇల్లు కట్టుకున్నవారిలో ఒకరైన నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండలను తొలగించక, వాటినే ఇంటిలో కలుపుకున్నారు. తరువాత జూబ్లీహిల్స్ పెరిగింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1989లో రామానాయుడు స్టూడియో వచ్చాయి, ఫిలింనగర్ వెలసింది. బండలు పగిలాయి, అద్దపు గోడలు లేచాయి, ఎయిర్ కండిషనర్లు వచ్చాయి. ఒక టన్ను యంత్రం గదిలోనుంచి సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని తీసి, తాను వాడుకున్న విద్యుత్తు వేడిని కూడా కలిపి వీధిలోకి వదులుతుంది. ప్రక్క బస్తీలోని రేకుల కప్పు కింద ఉన్నవారికి అది అదనపు వేడి. హిజ్రీ ఎనిమిదవ శతాబ్దిలో తాపీమేస్త్రీ అయిన ట్యూనిస్‌వాసి ఇబ్నుర్రామీ, కట్టడాల ధర్మాలపై రాసిన గ్రంథంలో ఇరుగుపొరుగుకు పొగవల్ల కలిగే హానిని చర్చించాడు. యంత్రపు వేడిగాలిని ఆ పొగ ప్రక్కన నిలపడం అన్యాయం కాదని నా అభిప్రాయం.

2017లో దేవరకొండ బస్తీలో 25 ఇళ్ళ కప్పులపై ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరచి చూశారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలో కట్టే నివాసాలకు ఇది తప్పనిసరి. జూబ్లీహిల్స్ బంగళాలు ఎన్నో ఈ లెక్కలోకి వస్తాయి. అంతకన్న చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం. రేకుల కప్పులు ఎక్కువగా ఉన్నది ఆ చిన్న ఇళ్ళకే. వాటికి ఖరీదైన పొర లేకున్నా, చిక్కటి సున్నం రెండు పూతలు వేస్తే మీద పడే ఎండలో సగానికి పైగా తిరిగిపోతుంది. వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేసవి ముందు మళ్ళీ వేయాలి.