చైనా సంస్కృతిలో ఇవ్వకూడని వీడ్కోలు బహుమతులు

ఉద్యోగం మానివేసి గాని, బదిలీపై గాని, పదవీవిరమణ పొంది గాని వెళ్ళిపోతున్న సహోద్యోగికి బహుమతి ఇవ్వడం చైనాలో మర్యాదగా భావింపబడుతుంది. అయితే కొన్ని వస్తువులను అటువంటి సందర్భాలలో ఇవ్వకూడదనే ఆచారం అక్కడ బలంగా ఉన్నది. గడియారం, గొడుగు, చేతిరుమాలు, కత్తి, కత్తెర, బేరిపండ్లు, పాదరక్షలు, తెల్లని లేక పసుపుపచ్చని చామంతులు వీటిలో ముఖ్యమైనవి. ఈ నిషేధాలకు కారణం ఆ వస్తువుల ధర గాని, నాణ్యత గాని కాదు. చాలావరకు ఆ వస్తువు పేరు మరొక అశుభమైన మాటను పోలి వినిపించడమే కారణం. చైనా ప్రధాన భూభాగంలోనే కాక తైవాన్, హాంగ్‌కాంగ్, మకావు, సింగపూరు, మలేషియాలలోని చైనీయులలో కూడా ఈ నమ్మకాలు కొద్ది భేదాలతో కనిపిస్తాయి.

శబ్దసామ్యం

చైనా అధికార భాష అయిన మాండరిన్‌లో స్వరభేదాలను లెక్కించకపోతే ఉన్న అక్షర ధ్వనులు సుమారు 400 మాత్రమే. ఒక్కొక్క ధ్వనిని నాలుగు స్వరాలలో పలుకుతారు. అందువలన వేరు వేరు లిపిసంకేతాలతో వ్రాసే అనేక పదాలు ఒకే విధంగా గాని, దాదాపు ఒకే విధంగా గాని వినిపిస్తాయి. ఈ శబ్దసామ్యాన్ని చైనీయులు "షియెయిన్" అంటారు. పండుగలు, పెళ్ళిళ్ళు, వ్యాపార ప్రారంభాలు, అంత్యక్రియలు అన్నిటిలో దీనికి ప్రాధాన్యం కలదు.

వీడ్కోలు సందర్భంలో ఇది మరింత సున్నితమవుతుంది. మాండరిన్‌లో "సోంగ్" అనే క్రియకు "బహూకరించు" అనే అర్థంతో పాటు "సాగనంపు" అనే అర్థం కూడా ఉన్నది. అంటే వెళ్ళేవారికి వస్తువు ఇవ్వడమూ, వారిని సాగనంపడమూ ఒకే మాటలో ఇమిడి ఉంటాయి. మామూలు రోజున ఎవరూ పట్టించుకోని వస్తువు కూడా ఆ రోజు వేరే అర్థాన్ని తెచ్చుకునే అవకాశం ఉన్నది.

ఈ వ్యాసంలో తెలుగు లిపిలో ఇచ్చిన ఉచ్చారణలు సుమారైనవి. స్వరభేదాలను తెలుగు లిపిలో చూపడం సాధ్యం కాదు.

ఇవ్వకూడని వస్తువులు

గడియారం: అన్నిటికంటె తీవ్రమైన నిషేధం దీనిదే. గోడ గడియారాన్ని, బల్ల గడియారాన్ని "జోంగ్" అంటారు. "గడియారం బహూకరించు" అనే అర్థంలో "సోంగ్ జోంగ్" అన్నప్పుడు అది "మరణించేవారి చివరి ఘడియలలో దగ్గర ఉండి అంత్యక్రియలు జరిపించు" అనే అర్థం గల మాటతో పూర్తిగా కలిసిపోతుంది. పదవీవిరమణ పొందుతున్న వృద్ధ ఉద్యోగికి దీనిని ఇస్తే మరణాన్ని గుర్తు చేసినట్లే అవుతుంది. చేతి గడియారాన్ని "బ్యావ్" అనే వేరే పేరుతో పిలుస్తారు కనుక చాలామంది దానికి అభ్యంతరం చెప్పరు. పట్టింపు గలవారు మాత్రం దానిని కూడా విడిచిపెడతారు.

గొడుగు, విసనకర్ర: గొడుగును "సాన్" అంటారు. చెదరిపోవడం, విడిపోవడం అనే అర్థమిచ్చే మాట కూడా స్వరభేదంతో "సాన్" అనే పలుకబడుతుంది. విసనకర్ర పేరు "షాన్" కూడా దీనికి దగ్గరగా ఉంటుంది. పైగా వేసవి గడవగానే పక్కన పెట్టే వస్తువు కనుక, ప్రాచీన సాహిత్యంలో "శరత్కాలపు విసనకర్ర" అంటే నిరాదరణకు గురైన స్త్రీ అని అర్థం.

చేతిరుమాలు: రుమాలు కన్నీటిని తుడిచేది. తైవాన్‌లో అంత్యక్రియలకు వచ్చినవారికి తుండుగుడ్డ ఇచ్చి పంపే ఆచారం ఉన్నది. అందువలన రుమాలు ఇవ్వడం శాశ్వత వియోగానికి సూచనగా భావిస్తారు.

కత్తి, కత్తెర: ఇవి కోసే వస్తువులు. "ఒక్క కత్తి వేటుతో రెండు ముక్కలు" అనే అర్థం గల నాలుగు అక్షరాల జాతీయం ఒకటి చైనా భాషలో కలదు. సంబంధాన్ని పూర్తిగా తెంచుకోవడమని దాని భావం. వంటింటి కత్తుల పెట్టె, జేబు కత్తి, ఉత్తరాలు తెరిచే చాకు కూడా ఈ కోవకే చెందుతాయి.

బేరిపండు: దీని పేరు "లీ". ఎడబాటు అనే మాట కూడా "లీ" యే. బేరిపండును కోసి పంచుకోవడాన్ని "ఫెన్ లీ" అంటారు. అది "విడిపోవడం" అనే మాటతో సమానంగా వినిపిస్తుంది. అందుకే భార్యాభర్తలు, స్నేహితులు ఒకే బేరిపండును పంచుకొని తినరు. వీడ్కోలు పండ్లబుట్టలో బేరిపండ్లు ఉండకుండా చూసుకోవాలి.

పాదరక్షలు: "షియె" అనే వీటి పేరు చెడు, దుష్టశక్తి అనే అర్థం గల మాటను పోలి ఉంటుంది. పాదరక్షలు ఇస్తే పుచ్చుకున్నవారు వాటిని తొడుగుకొని దూరంగా నడిచిపోతారనే నమ్మకం కూడా ఉన్నది.

చామంతులు: తెల్లని, పసుపుపచ్చని చామంతులను అంత్యక్రియలలోను, సమాధుల వద్దను ఉంచుతారు. అయితే చామంతి అశుభమైన పువ్వు కాదు. తొమ్మిదవ చాంద్రమాసం తొమ్మిదవ రోజున వచ్చే చోంగ్‌యాంగ్ పండుగలో అది దీర్ఘాయువుకు చిహ్నం. పూలగుత్తిగా కట్టి మనిషి చేతికి ఇవ్వడమే అభ్యంతరకరం.

ఆకుపచ్చ టోపీ: "ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నాడు" అంటే అతని భార్య పరపురుషునితో సంబంధం పెట్టుకున్నదని అర్థం. యువాన్, మింగ్ రాజవంశాల కాలంలో వేశ్యల కుటుంబాలలోని పురుషులు ఆకుపచ్చ తలపాగా ధరించాలనే నియమం ఉండేదని, ఈ మాట దాని నుండి వచ్చిందని చెబుతారు. సంస్థ చిహ్నం ముద్రించిన టోపీలను పంచేటప్పుడు విదేశీ సంస్థలు ఈ విషయాన్ని గమనించవలసి ఉంటుంది.

పుస్తకం: పుస్తకాన్ని "షూ" అంటారు. ఓటమి, నష్టం అనే మాట కూడా అదే ధ్వని. చదువరులు దీనిని పట్టించుకోరు. వ్యాపారులు, వాటాల మార్కెట్‌లో ఉన్నవారు, ముఖ్యంగా కాంటనీస్ మాట్లాడేవారు పట్టించుకుంటారు. కాంటనీస్‌లో పంచాంగం పేరులోని "పుస్తకం" అనే భాగాన్ని తొలగించి దాని స్థానంలో "విజయం" అనే మాటను చేర్చి పలకడం ఇందుకు నిదర్శనం.

రంగులు, సంఖ్యలు

తెలుపు శోకానికి రంగు. బహుమతిని తెల్లని లేక నల్లని కాగితంలో చుట్టరు. ఎరుపు, బంగారు రంగులు శుభప్రదమైనవి. నగదును "హోంగ్‌బావ్" అనే ఎర్రని కవరులో ఉంచి ఇస్తారు. తెల్లని కవరులో డబ్బు ఇవ్వడం మరణం సంభవించిన ఇంటికి చేసే సహాయం మాత్రమే. ఎరుపు శుభమైనా, ఎర్ర సిరాతో పేరు వ్రాయడం మాత్రం తగదు. ఎర్ర సిరాతో ఉత్తరం వ్రాస్తే స్నేహాన్ని తెంచుకున్నట్లు అర్థం చేసుకుంటారు. కార్యాలయంలో అందరూ సంతకాలు చేసే వీడ్కోలు కార్డుపై నీలం లేక నలుపు సిరా వాడడం మంచిది.

నాలుగు అనే సంఖ్య ఉచ్చారణ "మరణం" అనే మాటకు దగ్గరగా ఉంటుంది. నాలుగు కప్పుల పెట్టె, 40 లేక 400 యువాన్ల నగదు ఇవ్వరు. 250 అనే సంఖ్యకు "తెలివితక్కువవాడు" అనే అర్థం ఉన్నది కనుక ఆ మొత్తం కూడా పనికిరాదు. ఎనిమిది సంపదకు, ఆరు సాఫీగా సాగడానికి, తొమ్మిది దీర్ఘకాలానికి సంకేతాలు. 2014లో వీచాట్‌లో ప్రవేశపెట్టిన ఎలక్ట్రానిక్ హోంగ్‌బావ్‌లలో కూడా ఈ సంఖ్యల పట్టింపు కొనసాగుతున్నది.

వీడ్కోలు విందు

బహుమతితో పాటు విందులోని వంటకాలకు కూడా అర్థాలు ఉన్నాయి. "స్క్విడ్ అనే సముద్రజీవిని వేయించు" అనే మాటకు వాడుకలో "ఉద్యోగం నుండి తొలగించు" అని అర్థం. వేడికి స్క్విడ్ ముక్క చుట్టుకుపోవడాన్ని, పని పోయిన కూలి తన పక్కబట్టలు చుట్టుకొని వెళ్ళిపోవడంతో పోల్చడం వలన ఈ మాట పుట్టింది. కనుక ఉద్యోగం మానినవారి విందులో ఈ వంటకం ఎబ్బెట్టుగా ఉంటుంది. తైవాన్‌లో పన్నెండవ చాంద్రమాసం పదహారవ రోజున యజమానులు ఉద్యోగులకు ఇచ్చే "వెయ్‌యా" విందులో వండిన కోడి తల ఎవరి వైపు ఉంటే వారిని తొలగించినట్లని పూర్వం భావించేవారు.

ఉత్తర చైనాలో ప్రయాణానికి ముందు "జ్యావ్‌జి" అనే కుడుములు, గమ్యం చేరిన తరువాత నూడుల్స్ తినాలనే నానుడి ఉన్నది. "దారి పొడవునా అనుకూల వాయువులు వీచుగాక" అనేది సంప్రదాయమైన వీడ్కోలు మాట. విమానంలో వెళ్ళేవారితో కొందరు దీనికి బదులు "దారి పొడవునా క్షేమం" అంటారు.

చరిత్ర, భేదాభిప్రాయాలు

ఈ నిషేధాలు అన్ని కాలాలలోను ఒకే విధంగా లేవు. 1601లో ఇటలీ దేశపు జెసూట్ మతప్రచారకుడు మాటియో రిచీ బీజింగ్‌లో మింగ్ చక్రవర్తి వాన్లీకి మోగే గడియారాలను కానుకగా సమర్పించాడు. చక్రవర్తి వాటిని ఆసక్తితో స్వీకరించాడు. చింగ్ రాజవంశపు చక్రవర్తులు వందల కొద్దీ గడియారాలను సేకరించారు. అవి నేటికీ బీజింగ్ రాజప్రాసాద ప్రదర్శనశాలలో ఉన్నాయి.

ఆధునిక కాలంలో ప్రసిద్ధమైన ఉదాహరణ 2015 జనవరిలో తైవాన్‌లో జరిగింది. బ్రిటన్ రవాణా శాఖ సహాయమంత్రి సూసన్ క్రేమర్ తైపీ మేయర్ కో వెన్-జెకు జేబు గడియారాన్ని బహూకరించారు. విలేకరులు అడిగినప్పుడు, దానిని పాత ఇనుము వ్యాపారికి అమ్మవచ్చునని మేయర్ హాస్యంగా అన్నారు. ఆ మాట కూడా విమర్శకు గురయింది. ఈ ఆచారం తనకు తెలియదని చెప్పి క్రేమర్ క్షమాపణ కోరారు. కానుక ఇచ్చినవారికి, పుచ్చుకున్నవారికి ఇద్దరికీ ఇబ్బంది కలిగిన సందర్భమిది.

నగరాలలోని యువతరంలో చాలామంది వీటిని నమ్మరు. అయినా ఎదుటివారి తల్లిదండ్రులు పట్టించుకోవచ్చుననే ఆలోచనతో పాటిస్తుంటారు. ఒకే వస్తువుకు రెండు అర్థాలు ఉండడం కూడా కలదు. కప్పు పేరు "జీవితకాలం" అనే మాటను పోలి ఉన్నందున స్నేహానికి గుర్తుగా ఇస్తారు. అదే ధ్వని "దుఃఖం" అనే మాటలో కూడా ఉన్నది.

దోష పరిహారం

తెలియక ఇటువంటి వస్తువు ఇచ్చినప్పుడు దోషం పోవడానికి సులభమైన ఉపాయం ఉన్నది. పుచ్చుకున్నవారు ఇచ్చినవారికి ఒక యువాన్ గాని, చిన్న నాణెం గాని తిరిగి ఇస్తారు. దానితో అది బహుమతి కాక కొనుగోలు అవుతుంది. "సోంగ్" అనే మాటకు తావు ఉండదు. చైనా సహోద్యోగి నవ్వుతూ నాణెం చేతిలో పెడితే, దానిని తిరస్కరించకుండా తీసుకోవడమే మర్యాద. అది అవమానం కాదు. స్నేహాన్ని నిలుపుకోవడానికి ఆయన చేసే ప్రయత్నం.

ఇవ్వదగినవి

టాంగ్ రాజవంశ కాలంలో (618–907) రాజధాని చాంగాన్ సమీపంలోని బా వంతెన వద్ద ప్రయాణికులకు విల్లో కొమ్మను విరిచి ఇచ్చేవారు. విల్లో పేరు "లియూ". "ఉండిపో" అనే మాట కూడా అటువంటిదే. శబ్దసామ్యం శుభానికి కూడా ఉపయోగపడుతుందని దీనివలన తెలుస్తున్నది. నేడు తేయాకు, కలము, మిఠాయిలు, అందరూ కలిసి దిగిన ఛాయాచిత్రం తగిన బహుమతులు. ఆపిల్ పండు పేరులోని "పింగ్" అనే ధ్వని క్షేమాన్ని సూచిస్తుంది కనుక ప్రయాణికులకు అది మంచిది.

బహుమతిని రెండు చేతులతో ఇవ్వాలి. పుచ్చుకునేవారు ఒకటి రెండు సార్లు వద్దనడం, ఇచ్చినవారి ఎదుట విప్పకపోవడం సంప్రదాయం. ధర చీటీని తొలగించాలి. మరీ ఖరీదైన బహుమతి పుచ్చుకున్నవారికి భారమవుతుంది. 2012 డిసెంబరులో చైనా కమ్యూనిస్టు పార్టీ ఎనిమిది అంశాల నియమావళిని ప్రకటించిన తరువాత ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చే కానుకల విషయంలో కట్టుబాట్లు పెరిగాయి.

తెలుగువారి ఆచారాలతో పోలిక

తెలుగునాట పదవీవిరమణ సభలలో గోడ గడియారం బహూకరించడం సర్వసాధారణం. పసుపుపచ్చని చామంతి దండ గౌరవానికి గుర్తు. చైనాలో, సింగపూరులో పనిచేసే తెలుగువారు పొరపడే అవకాశం ఈ రెండిటిలోనే ఎక్కువ. చదివింపులలో 116, 1116 వంటి మొత్తాలు ఇవ్వడం, అంటే చివర విడిగా కొంత చేర్చడం తెలుగువారి పద్ధతి. చైనాలో శుభకార్యాలకు నిండైన సరిసంఖ్యలను ఎంచుకుంటారు. మరోవైపు ఉప్పును, నువ్వులను చేతికి చేయి అందుకోకూడదని నమ్మే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వస్తువు చేతులు మారేటప్పుడు దానితో పాటు మంచి చెడులు కూడా మారుతాయనే భావన రెండు సంస్కృతులలోను ఉన్నది.