సత్యభామ చెట్టు, సముద్రం దాటొచ్చిన చెట్టు

జూలై మొదటి వారం అంటే వన మహోత్సవం. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ మొదలుపెట్టిన ఈ పండుగకు 75 ఏళ్లు నిండాయి. ఏటా మొక్కలు నాటుతాం, ఫొటోలు దిగుతాం, నీళ్లు పోసే పని వానదేవుడికి వదిలేస్తాం. ఈసారి పత్రిక అనుబంధం వాళ్లు అడిగింది చిన్న ప్రశ్నే: ఇంటిముందు కాస్త జాగా ఉంటే ఏ చిన్న చెట్టు నాటాలి? నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే. పారిజాతం, దేవగన్నేరు. రెండూ పెరట్లో పది పదిహేను అడుగుల దగ్గర అదుపులో ఉంటాయి. రెండింటి పరిమళమూ చీకటిపడ్డాకే చిక్కబడుతుంది. పుట్టుక, పెంపకం మాత్రం దేనివి దానివే.

పారిజాతం మన ప్రాంతపు చెట్టు. పురాణాల లెక్కలో పాలసముద్రంలో పుట్టి ఇంద్రుడి నందనవనం చేరింది. కృష్ణుడు దాన్ని ద్వారకకు తెచ్చాడని హరివంశం, విష్ణుపురాణం, భాగవతం మూడూ చెబుతాయి. అక్కడి నుంచి ఒక్క గెంతులో శతాబ్దాలు దాటి విజయనగరంలో దిగుదాం. తెలుగువాడికి పారిజాతం నిండుగా పూసింది అక్కడే.

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు ఏలాడు. ఆయన పట్టమహిషి తిరుమలదేవి. ఆమెతోపాటు పుట్టింటి నుంచి అరణంగా వచ్చినవాడు నంది తిమ్మన అని ప్రతీతి. ఒక రాత్రి రాణి, రాయల చిత్రపటం వైపు కాళ్లు చాపి నిద్రపోయిందట. రాయలు అది చూశాడట. ఆ మందిరం వైపు రావడమే మానేశాడట. మూడుసార్లు ‘అట’ పడింది కాబట్టి ఇది చరిత్ర కాదు, చాటుకథ. అయినా ఎంత ముచ్చటైన చాటుకథ! రాజుకు బుద్ధి చెప్పాలి, తల మిగుల్చుకోవాలి. తిమ్మన అయిదు ఆశ్వాసాల ‘పారిజాతాపహరణం’ రాసి రాయలకే అంకితమిచ్చాడు.

కథ తెలిసిందే, అయినా చెప్పుకోవాల్సిందే. నారదుడు ఒకే ఒక్క పారిజాతం పువ్వు పట్టుకొచ్చాడు. అప్పుడు రుక్మిణి ఇంట్లో ఉన్న కృష్ణుడు దాన్ని ఆమెకే ఇచ్చాడు. కబురు మోసే చెలికత్తెలకు ఏ కాలంలోనూ కొదవ లేదు. సత్యభామ నగలు తీసేసి, మాసిన చీర కట్టి, కోపగృహంలో ముసుగుతన్నింది. కృష్ణుడు వచ్చాడు, బతిమాలాడు, కాళ్లమీద పడ్డాడు. ఆమె ఎడమకాలితో ఆయన తలను తన్నింది. జగన్నాథుడికి కోపం రాలేదు సరికదా, ఆ మెత్తని పాదం ఎక్కడ నొచ్చిందోనని కంగారుపడ్డాడు. నిద్రలో పటం వైపు కాళ్లు చాపినందుకే అలిగిన రాజుకు ఇంతకంటే మర్యాదగా ఎవరు చెప్పగలరు?

ఆ తర్వాతి కథ తోటమాలులు శ్రద్ధగా వినాలి. పువ్వు కాదు, చెట్టే తెస్తానని కృష్ణుడు మాటిచ్చాడు. ఇంద్రుడితో తలపడి, ఎదిగిన చెట్టును పెకలించి, గరుత్మంతుడి మీద తెచ్చి సత్య పెరట్లో నాటాడు. దేవుడు కాబట్టి చెల్లింది. మీరు మాత్రం ఎదిగిన పారిజాతాన్ని కదిలించకండి. ఇంకో పాఠం జానపదుల కథలో ఉంది. చెట్టు సత్య పెరట్లోనే ఉన్నా పూలు మాత్రం గోడ అవతల రుక్మిణి వాకిట్లో రాలేవట. అందుకే ప్రహరీకి ఆనించి నాటవద్దు.

ఆ కాలితాపు అక్కడితో ఆగలేదు. నటుడు స్థానం నరసింహారావు రంగస్థలం మీద సత్యభామగా నడిచినంత కాలం జనం ఆ నడకనే చూశారు. 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’లో ఎన్టీఆర్ కృష్ణుడు, జమున సత్యభామ. ఇప్పటికీ సత్యభామ అంటే చాలా ఇళ్లలో జమునే.

తిమ్మన తరం దాటగానే, 1563లో, గోవాలో పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా అచ్చువేయించిన వనమూలికల గ్రంథంలో పారిజాతం కనిపిస్తుంది. దీని పూల నారింజరంగు కాడలను కుంకుమపువ్వులా వంటల్లో రంగుకు వాడతారని ఆయన రాశాడు.

దేవగన్నేరు కథకు సగం భూగోళం అవతలికి వెళ్లాలి. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. అజ్టెక్కులు మక్కువగా పెంచిన పువ్వు అది. పద్నాలుగో లూయీ పంపగా కరీబియన్ దీవులకు మూడుసార్లు వెళ్లిన ఫ్రెంచి సన్యాసి షార్ల్ ప్లూమియే పేరే శాస్త్రంలో ఈ చెట్టుకు స్థిరపడింది. ఐరోపా ఓడలెక్కి ఆసియాకు వచ్చిన ఈ పరదేశి నేరుగా గుడి ఆవరణలో కుదురుకుంది. స్వర్గం నుంచి వచ్చిన పారిజాతమేమో పెరట్లో బావిగట్టు పక్కన ఉండిపోయింది.

ఇక పెంపకం. దేవగన్నేరు మొండిది. మూరెడు కొమ్మ కోసి, పాలు ఆరేదాకా వారం రోజులు నీడలో పడేసి, ఇసుక కలిసిన మట్టిలో గుచ్చితే చాలు. నిండా ఎండ కావాలి, నీరు నిలవకూడదు. చలికాలంలో ఆకు రాల్చి మోడులా నిలబడితే చచ్చిందనుకుని నీళ్లు కుమ్మరించకండి. వేరు కుళ్లేది అప్పుడే. వానల్లో ఆకుల అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. రాలిన ఆకులు ఏరి దూరంగా పారేయాలి. కొమ్మ నరికేటప్పుడు పాలు కంట్లో పడనీయకండి.

పారిజాతం సత్యభామ లాంటిదే, రోజూ పలకరించాలి. విత్తనంతోనూ కొమ్మతోనూ వస్తుంది. మొదటి రెండేళ్లు మట్టి పూర్తిగా ఎండనీయకూడదు, అలాగని బురదా పనికిరాదు. కొత్త చిగుళ్ల కొసనే పూస్తుంది కాబట్టి పూత అయిపోయాక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొమ్మలు కత్తిరించాలి. గరుకాకుల మీద గొంగళిపురుగులు చేరితే వేపనూనె చల్లాలి. రాత్రి విచ్చిన పూలు తెల్లవారేసరికి నేల మీద ఉంటాయి. నేల రాలినా పూజకు పనికొచ్చే పువ్వు ఇది.

కొత్త కాలానికి వచ్చేసరికి కథ ఎటు పోతోందో చెప్పడం కష్టం. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ దగ్గర కింతూరులో పారిజాతంగా పూజలందుకుంటున్నది నిజానికి ఆఫ్రికా జాతి బావోబాబ్ వృక్షం. 2020 ఆగస్టు 5న అయోధ్యలో ప్రధాని నాటింది పారిజాత మొక్క. అటు లావోస్‌కు దేవగన్నేరు జాతీయ పుష్పం. మన దగ్గర గేటెడ్ కమ్యూనిటీలు ఎదిగిన దేవగన్నేర్లను లారీల్లో తెప్పించి, క్రేనుతో దింపి నాటించుకుంటున్నాయి. గరుత్మంతుడి పని ఇప్పుడు క్రేను చేస్తోంది.

తీర్పు అడిగితే ఇదీ: చుట్టూ సిమెంటు, నీళ్ల కరువు, ఊళ్లు తిరిగే ఉద్యోగం ఉన్నవారు దేవగన్నేరు నాటండి. అడుగున మట్టి, పొద్దున్నే లేచే అలవాటు ఉన్నవారు పారిజాతం నాటండి. ఏది నాటినా జూలైలోనే నాటండి. ఫొటో దిగిన మర్నాడు కూడా దాని దగ్గరికి వెళ్లండి.