మున్షీ

‘మున్షీ’ అనే మాట అరబ్బీ నుంచి ఫారసీ ద్వారా భారతీయ భాషలలోకి వచ్చింది. రచనకు, ముఖ్యంగా లేఖా రచనకు, పేరైన ‘ఇన్షా’ దీనికి దగ్గరి చుట్టం కనుక, మొదట దీనికి ‘కూర్చి రాసేవాడు’ అని అర్థం. మొగలు కొలువులో ఫర్మానాలు, ఉత్తరాలు రాసిన లేఖకులకు చెల్లిన ఈ పేరు, ఈస్టిండియా కంపెనీ కాలంలో తెల్లదొరలకు దేశభాషలు నేర్పే గురువులకు సంక్రమించింది. న్యాయానికి పేరైన ‘ఇన్సాఫ్’ నుంచి పుట్టిన ‘మునసబు’తో దీనికి సంబంధం లేదు.

ఈ మాటకు దక్కిన అత్యున్నత పీఠం విక్టోరియా రాణి కొలువు. 1887లో ఆగ్రా నుంచి భోజనశాల సేవకుడిగా వెళ్లిన 24 ఏళ్ల అబ్దుల్ కరీం, 68 ఏళ్ల రాణికి హిందుస్తానీ నేర్పసాగి, మరుసటి ఏడే ‘మున్షీ’ హోదా పొందాడు. బిరుదు కన్నా గొప్పది ఆ చదువు: రాణి ఉర్దూ లిపిలో స్వయంగా రాసిన అభ్యాసాలు 13 సంపుటాలయ్యాయి, అంతటి శ్రద్ధగల వృద్ధ విద్యార్థిని ఏ గురువుకైనా భాగ్యమే. 1901లో ఆమె మరణించగానే ఏడవ ఎడ్వర్డు ఆ గురుశిష్యుల ఉత్తరాలను తగలబెట్టించడం క్షమించరాని పని. కరీం ఆగ్రాకు తిరిగివచ్చి 1909లో మరణించాడు.

మద్రాసు రాజధానిలోని బడులలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి సైతం ‘తెలుగు మున్షీ’ అనేవారు. ఆ స్థానంలో ఇప్పుడు ‘తెలుగు పండిట్’ నిలిచింది.