గోదావరీతీరమున దైవదర్శనములు

ఈ ప్రసంగమునకు నేను తీసికొన్న విషయము క్రొత్తది కాదు. భగవంతుడు మానవునకు కనబడునా, కనబడినచో ఏమి చెప్పును, ఆ చెప్పినదాని వలన లోకమున ఏమి జరిగెను అను ప్రశ్నలు మన రచ్చబండల మీద తఱచుగా వినబడునవే. వేదాంతులు వీనికి తమ త్రోవను సమాధానము చెప్పుదురు. నేను వేదాంతిని కాను. చరిత్ర చదువుకొన్నవాడను, కొవ్వూరివాడను. కావున దర్శనము నిజమా, కాదా అను తగవులోనికి పోక, దర్శనమైనదని చెప్పినవారు పిదప ఏమి చేసిరి అను నొక్క సంగతిని మాత్రము విచారింతును. ఈ విచారణ గ్రామపెద్దలకు ఉపయోగించునని నా నమ్మకము. ఏలయన, ఫలానావానికి అమ్మవారు కలలో కనబడినదట, ఫలానా చేనిలో విగ్రహమున్నదట అని వార్త పుట్టినప్పుడు, చందా వ్రాయవలెనా వలదా అని ఊరు మొట్టమొదట అడుగునది మిమ్మే కదా.

మా యూరి కథతోనే ఆరంభింతును. కొవ్వూరు గోదావరికి పడమటి యొడ్డున, రాజమహేంద్రవరమున కెదురుగా నున్నది. ఇచ్చటి స్నానఘట్టమును గోష్పాద క్షేత్రమందురు. గోష్పాదమనగా ఆవు గిట్ట గుర్తు. గోవు పడిన చోటు గనుక గోవూరనియు, అదియే వాడుకలో కొవ్వూరైనదనియు పెద్దలు చెప్పుదురు. గౌతమ మహర్షి కథ మీరెఱిగినదే. కఱవుకాలమున ఋషులకు అన్నము పెట్టిన ఆ మహాత్ముని పంటలో ఒక ఆవు ప్రవేశించెను. ఆయన దర్భతో అదలింపగా అది పడి ప్రాణము విడిచెను. గోహత్యాదోషము పోగొట్టుకొనుటకై ఆయన పరమశివుని గూర్చి తపము చేసి, ప్రత్యక్షమైన స్వామిని గంగను భూమికి దింపుమని వేడెను. ఆ గంగయే మన గౌతమి.

బ్రహ్మపురాణమున గౌతమీ మాహాత్మ్యమను పెద్ద భాగమున్నది. ఆ భాగమును చదివినవారికి ఒక విశేషము తెలియును. అందు చెప్పబడిన ఆవు నిజమైన ఆవు కాదు. పార్వతీదేవి చెలికత్తె జయ ఆ రూపము ధరించినది. గంగను శివుని జటలనుండి దింపుటకు వినాయకుడు పన్నిన ఉపాయమది. శివపురాణమున ఈ కథయే వేఱువిధముగా నున్నది. గౌతముని కీర్తికి ఓర్వలేని మునులు కోరగా వినాయకుడే ఆవు రూపమున వచ్చెనని అచట చెప్పబడినది. రెండు విధములను గౌతముడు నిర్దోషియే. నిర్దోషి మీద నింద పడెను. నింద వలన తపము, తపము వలన దర్శనము, దర్శనము వలన నది కలిగెను. ఈ సంఘటన బ్రహ్మగిరి యందు జరిగినదని పురాణము, మా యొడ్డున జరిగినదని మా యూరివారు చెప్పుదురు. 1465 కిలోమీటర్లు ప్రవహించు నదికి ఒడ్డున నున్న ఊళ్ళు ఆ నది పుట్టుకను తమదిగా చెప్పుకొనుటలో వింత యేమున్నది? గమనింపవలసినది మఱొకటి కలదు. ఋషి కోరినది తన దోషమునకు నివృత్తి. లోకమునకు దక్కినది నీరు. తన కొఱకు అడిగినవాని ద్వారా పదుగురికి ఉపకారము జరుగుట యను ఈ రీతిని మీరు ఇకముందు కథలలోను చూడగలరు.

ఇక పురాణమును విడిచి, కాలమెఱిగిన వారి కడకు వత్తము. మన మహాకవులలో మువ్వురు తమ గ్రంథముల అవతారికలలో దైవదర్శనమును స్వయముగా వ్రాసికొనిరి. పదుమూడవ శతాబ్దమున నెల్లూరియందున్న తిక్కన సోమయాజి తనకు స్వప్నమున తండ్రి కొమ్మన కనబడెననియు, పిమ్మట హరిహరనాథుడే ప్రత్యక్షమై భారతమునకు కృతిపతి యయ్యెననియు చెప్పెను. ఆ కాలమున శైవవైష్ణవుల నడుమ వైరము మెండు. ఒక్క దేహమున హరియు హరుడును గల దైవము ఆ కవికి కనబడుట ఊరకనే జరిగినది కాదు. నన్నయభట్టు మన రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువున ఆరంభించిన భారతమున, విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను ఆ దైవమునకే తిక్కన అంకితము చేసెను. ఆ స్వప్నము ఒక మతము వారి గెలుపునకు వచ్చినది కాదు. ఉభయులును కూర్చుండి వినదగిన గ్రంథమునకు వచ్చినది.

పదునైదవ శతాబ్దమున బమ్మెర పోతన చంద్రగ్రహణపు రాత్రి గంగలో స్నానమాడి ఇసుకతిన్నెపై మహేశ్వరుని ధ్యానించుచు కూర్చుండెను. గోదావరిని గూడ గంగ యనుట మన వాడుకయే. ధ్యానించినది శివుని, కనబడినది శ్రీరామచంద్రుడు. భాగవతమును తెనుగు చేయుమని ఆ రాముడే ఆనతిచ్చెనని పోతన వ్రాసెను. భక్తుడు ఎదురుచూచిన రూపమున దైవము రాకపోవుట ఇచ్చటి విశేషము. అంతకంటె ఆలోచింపదగినది మఱొకటి. దైవాజ్ఞచే వ్రాయబడిన ఆ గ్రంథమునకును నష్టము తప్పలేదు. కొన్ని స్కంధములు పోతన వ్రాసినవి మనకు దక్కలేదు. గంగన, సింగన, నారయ అను కవులు వానిని పూరించిరి. దేవుడు చెప్పిన పనిగదా, దానికి ఆపద యేల వచ్చెనని పోతన భక్తులు గ్రంథమును విడువలేదు. చిరిగిన పుట్టమునకు అతుకు వేసికొన్నట్లు పూరించుకొని, నేటికిని పారాయణము చేయుచున్నారు.

మూడవవాడు రాజు. 1509 మొదలు 1529 వఱకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు కళింగముపై దండెత్తి పోవుచు, కృష్ణాతీరమున శ్రీకాకుళమందు ఏకాదశీవ్రతము సలిపెను. ఆ రాత్రి ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి, గోదాదేవి వివాహకథను తెనుగున చెప్పుమని కోరెను. ఆముక్తమాల్యద పుట్టుక యిది. సేనతో యుద్ధమునకు పోవుచున్న చక్రవర్తిని దేవుడడిగినది కోట కాదు, కావ్యము. అదియును రాజు మాతృభాషయని పలువురు తలచు కన్నడమున కాదు, తెనుగున. రాయలు మన రాజమహేంద్రవరమును దాటి పోయి, 1516వ సంవత్సరమున సింహాచల స్వామిని సేవించినట్లు అచటి శాసనము చెప్పుచున్నది. ఆ దండయాత్రలో గెలిచిన భూములు ఆ వంశమునకు శాశ్వతముగా నిలువలేదు. కావ్యము నిలిచినది.

అవతారికలో స్వప్నము చెప్పుట కవుల సంప్రదాయము మాత్రమే, నిజముగా చూచిరనుకొనుట అమాయకత్వమని ఆక్షేపించు విమర్శకులున్నారు. కావచ్చును. సంప్రదాయమైనను, దానిని ఆ కవులు ఎందుకు వినియోగించిరో చూడుడు. మువ్వురిలో ఒక్కడును తనకు పూజ చేయుమని లోకమును అడుగలేదు. మువ్వురును జీవితాంతము బరువైన పనికి పూనుకొనిరి.

ఇక గోదావరిలో ఎగువకు, పాపికొండలను దాటి భద్రాచలమునకు పోదము. పోకల దమ్మక్క యను భక్తురాలికి రాముడు స్వప్నమున కనబడి తన ఉనికిని చెప్పెనని స్థలపురాణము. ఆమె తాటాకుల పందిరి వేసి పండ్లు నివేదించినది. పిమ్మట పాల్వంచ తహసీలుదారుగా వచ్చిన కంచెర్ల గోపన్న సర్కారు పైకముతో ఆలయము కట్టించి, గోలకొండ చెఱసాలలో పన్నెండేండ్లు బాధపడెనని ప్రసిద్ధి. ఆయనయే రామదాసు. చివరకు రామలక్ష్మణులు మాఱువేషమున వచ్చి ఆరులక్షల మాడలు చెల్లించి ఆయనను విడిపించిరని కథ.

ఈ కథ విన్నవారు ఒక్క సంగతిని సామాన్యముగా తలపెట్టరు. రాముడు కనబడినది ఎవరికి? పన్నెండేండ్లు ఏడ్చి పాడిన భక్తునకు కాదు. ఆయనను చెఱనుంచిన ప్రభువు, మహమ్మదీయుడైన అబుల్ హసన్ తానీషాకు కనబడెను. తరువాత తానీషా గతి యేమైనది? ఆయన 1672లో సింహాసనమెక్కెను. ఆయన మంత్రులు అక్కన్న మాదన్నలు 1686లో హతులైరి. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనగా, తానీషా శేషజీవితమును దౌలతాబాదు కోటలో బందీగా గడపెను. రాముని కన్నులార చూచినవానికి రాజ్యము దక్కలేదు. తాను ఇతరుని ఉంచిన చెఱయే తనకును ప్రాప్తించెను. దీనిని కర్మఫలమందురో, కాలగతి యందురో, మీ యిష్టము. చరిత్ర చూపునది యేమనగా, దర్శనము లౌకికమైన ఆపదకు తాయెత్తు కాదు. ఐనను ఫలము లేకపోలేదు. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము తరపున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానీషా నాట మొదలైనదని ప్రతీతి; అది నిజాముల కాలమును దాటి నేటి ప్రభుత్వముల వఱకు వచ్చినది. గోలకొండ పాడుపడెను, తలంబ్రములు మాత్రము ఏటేట భద్రాద్రి చేరుచున్నవి.

కలలో దేవుడు కనబడనివారి సంగతి యేమి? వారికిని మన నదీతీరమే సాక్ష్యము. 1832-33 నందన నామ సంవత్సరపు కఱవును మన పూర్వులు డొక్కల కరవనిరి. ప్రక్కనే నిండుగా నది పోవుచుండ, దానికి ఇరుప్రక్కల మనుష్యులు ఆకలిచే మరణించిరి. గోదావరి నీరు సముద్రము పాలగుట చూచి ఊరకుండలేనివాడు ఆర్థర్ కాటను. ఆయన తన క్రైస్తవ మతమునందు దృఢభక్తి గలవాడు. 1847లో ధవళేశ్వరము కడ పని మొదలై 1852లో ఆనకట్ట ముగిసినది. దాని పడమటి కొన మా కొవ్వూరికి దిగువనున్న విజ్జేశ్వరమున నున్నది. గౌతముడు దింపిన గంగను కాటను చేలకు మఱలించెనని రైతులు తలచిరి. గోదావరిలో స్నానమాడుచు ఆయన పేరు స్మరించిన బ్రాహ్మణులుండిరని పెద్దలు చెప్పుదురు. డెల్టాలో ఆయన విగ్రహమునకు పూలదండ వేయని ఊళ్ళు తక్కువ. తమ మతము కాని వానిని సంకల్పమున చేర్చిన ఆ వైదికులు దైవము పనిచేయు విధమును మనకంటె చక్కగా గుర్తించినవారని నా యభిప్రాయము.

ఇంతవఱకు చెప్పినవి ఫలించిన కథలు. ఫలింపని దానిని దాచిపెట్టి మాటాడుట చరిత్రకు తగదు. బృహస్పతి సింహరాశి ప్రవేశించినప్పుడు, ఇంచుమించు పన్నెండేండ్ల కొకమాఱు, గోదావరికి పుష్కరము వచ్చును. 2015వ సంవత్సరము జూలై 14వ తేదీన, పుష్కరములు ఆరంభమైన తొలి ఉదయముననే, రాజమహేంద్రవరమున పుష్కరఘట్టము కడ త్రొక్కిసలాట జరిగి 20 మందికి పైగా యాత్రికులు మరణించిరి. వారు పాపము చేయ వచ్చినవారు కారు, పాపము కడుగుకొన వచ్చినవారు. ఎదుటి యొడ్డున గోష్పాద రేవులో మేము సంకల్పము చెప్పుకొనుచుండగా ఆ వార్త వచ్చెను. దేవుడు వారినేల కాపాడలేదని అడిగినవారికి, పుష్కరమున పోయినవారు పుణ్యలోకమునకే పోయిరని కొందఱు సమాధానము చెప్పిరి. తల్లిని పోగొట్టుకొన్నవానికి అట్టి మాట ఊరట యిచ్చినచో ఇయ్యనిండు. కాని బ్రతికియున్న పెద్దలు ఆ మాటతో తృప్తి పడరాదు. శాస్త్రము పుష్కరమునకు పన్నెండు దినములు చెప్పినది, నది యంతయు తీర్థమనినది. ఒక్క ముహూర్తముననే, ఒక్క మెట్ల వరుసమీదనే పుణ్యమున్నదని ఏ ఋషియు చెప్పలేదు. ఆ తొందర మన కల్పితము. ఆ మృతుల భారమును దైవముమీద మోపుటకు ముందు మన వంతు ఎంతో లెక్కించుకొనవలెను.

కాబట్టి, ఊరిలో ఎవరైన దర్శనమైనదని చెప్పినప్పుడు పెద్దలు అడుగవలసిన ప్రశ్నలను చరిత్రయే మనకందించుచున్నది. చూచినవాడు తన కొఱకు ఏమి కూడబెట్టుకొనుచున్నాడు? దమ్మక్క పందిరియు రామదాసు సంకెళ్ళును జ్ఞాపకముంచుకొనుడు. ఆ దర్శనము ఊరిని కలుపుచున్నదా, రెండు పాలు చేయుచున్నదా? తిక్కన హరిహరనాథుని తలచుకొనుడు. చూచిన పిమ్మట వానికి పని పెరిగినదా, పని తప్పినదా? పోతన వ్రాసిన పద్యములును రాయల కావ్యమును ముందుంచుకొనుడు. ఈ మూడింటికిని మంచి సమాధానము వచ్చినచో, కల నిజమో కాదో తేలకున్నను ఊరికి నష్టము లేదు. రానిచో, కల నిజమైనను చందా పుస్తకమును మూసివేయవచ్చును.

2027వ సంవత్సరమున గోదావరి పుష్కరము మరల వచ్చును. మీ మీ ఊళ్ళ వృద్ధులను, పసిబిడ్డల తల్లులను తొలిదినమున కాక నడిమి దినములలో తీసికొనిరండు. రాజమహేంద్రవరపు ఘట్టములు క్రిక్కిరిసియున్నచో వంతెన దాటి మా యొడ్డునకు రండు. నీరు రెండు వైపులను ఒక్కటియే.