పైత్యం కాదు, చెవిలో సున్నపు రేణువులు

మా ఇంట్లో కళ్ళు తిరిగాయంటే కారణం ఒకటే, పైత్యం. మందు కూడా ఒకటే, నిమ్మకాయ వాసన. అందుకే మా అమ్మ "ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చాలు, గది మొత్తం గిర్రున తిరుగుతోందిరా" అన్నప్పుడు ఫోన్లో నేను ఇచ్చిన సలహా అదే. రెండోసారి చెబితే బీపీ చూపించుకోమన్నా. మూడోసారి విసుక్కున్నా. ఊళ్ళో మెడకి ఎక్స్‌రే తీసి, అరుగుదల అని తేల్చి, బిళ్ళలూ పట్టీ ఇచ్చారు. ఏడాదిన్నర పాటు ఆవిడ ఎడమ పక్కకి ఒత్తిగిలకుండా, అటక వైపు తలెత్తకుండా భయంభయంగా బతికింది. చివరికి ఓ ఫిజియోథెరపిస్టు అమ్మాయి బల్ల మీద పడుకోబెట్టి, తల నాలుగు రకాలుగా తిప్పి లేపింది. పది నిమిషాలు. అంతే!

నాకు సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది. ఇంత సులువైన విద్య ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందీ అని తవ్వడం మొదలెట్టా.

కళ్ళు తిరగడానికి మూలం లోపలి చెవిలో ఉండొచ్చని 1861లో పారిస్‌లో ప్రాస్పర్ మెనియేర్ చెప్పాడు. అప్పటిదాకా అది మెదడుకి రక్తం పోటెత్తడం వల్లేనని నమ్మేవారు. తర్వాత వియన్నాలో రాబర్ట్ బారనీ ఒక తమాషా గమనించాడు. చెవిలో చన్నీళ్ళు పోసి కడిగితే రోగికి తల తిరిగి కళ్ళు ఒక వైపుకి కొట్టుకుంటాయి, వేణ్ణీళ్ళు పోస్తే రెండో వైపుకి. దీనికి ఆయనకి 1914 నోబెల్ వచ్చింది. ఆ కబురు అందేసరికి పాపం ఆయన రష్యాలో యుద్ధఖైదీ! 1916లో విడుదలయ్యాడు. మా అమ్మకొచ్చిన జబ్బుని, అంటే పక్కకి తిరిగితే వచ్చే తల తిరుగుడుని, 1921లో వర్ణించిందీ ఆయనే.

ఫిజియోథెరపీ ఇందులోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. తలకి దెబ్బ తగిలిన వాళ్ళని కదలకుండా పడుకోబెట్టడం అప్పటి పద్ధతి. ఇంగ్లాండులో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని తిరగేశారు. కళ్ళు తిప్పించడం, తల ఊపించడం, బంతి విసిరించడం, కళ్ళు మూసుకుని నడిపించడం. ఏ కదలికకి తల తిరుగుతుందో దాన్నే కొద్దికొద్దిగా చేయిస్తే మెదడు సర్దుకుంటుందని వాళ్ళ లెక్క. ఈనాటి వ్యాయామాలకి అదే పునాది.

కానీ అమ్మ సమస్య మెదడు సర్దుకోవాల్సింది కాదు, వస్తువు చోటు తప్పింది. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు ఒక సంచిలో అంటుకుని ఉంటాయి. అవి ఊడి అర్ధవృత్తాకార నాళంలో పడితే, తల తిప్పినప్పుడల్లా లోపలి ద్రవాన్ని కదిలించి, లేని తిరుగుడుని ఉన్నట్టు చెబుతాయి. దీన్ని పట్టే పరీక్షని 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, హాల్‌పైక్ వివరించారు. 1969లో షుక్‌నెక్ట్ తప్పు ఈ రేణువులదే అన్నాడు.

అమెరికాలో పోర్ట్‌లాండ్ డాక్టరు జాన్ ఎప్లీ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. రేణువులు నాళంలో తేలుతుంటే, తలని వరసగా తిప్పి వాటిని దొర్లించి బయటికి తెచ్చెయ్యొచ్చు కదా! మొదట 45 డిగ్రీలు తిప్పి వెల్లకిలా, తర్వాత 90 డిగ్రీలు రెండో వైపుకి, ఇంకో 90 నేల వైపుకి, ఆపైన లేపి కూర్చోబెట్టడం. 1980లో డాక్టర్ల సభలో చూపిస్తే నమ్మలేదు సరికదా, కొందరు లేచి వెళ్ళిపోయారు. వ్యాసం అచ్చయ్యేసరికి 1992. ఈలోగా 1988లో ఫ్రాన్సులో సెమాంట్ అనే ఫిజియోథెరపిస్టు ఇలాంటి పద్ధతినే ప్రకటించాడు. 1996లో ఎప్లీ మీద రాష్ట్ర వైద్య మండలి అభియోగాలు మోపితే 2001లో గానీ బయటపడలేదు. 2019లో పోయాడు. ఇప్పుడు ఆ పద్ధతే లోకమంతా వాడుతోంది.

ఒక మాట. అన్ని తల తిరుగుళ్ళూ ఇదే కాదు. మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. తల తిప్పే పని కూడా తెలిసినవాళ్ళు పరీక్ష చేశాకే.

ఎప్లీని నమ్మని డాక్టర్ల మీద మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆఫీసులో ఎవరైనా బగ్ రిపోర్ట్ చేస్తే, ఏం చేస్తే వస్తుందో రాయలేదని తిప్పి పంపిస్తుంటాను. మా అమ్మ మొదటి రోజే రాసినంత స్పష్టంగా చెప్పింది, "ఎడమ పక్కకి తిరిగితే" అని. నేనే చదవకుండా పైత్యం అని మూసేశా.

అసలు పైత్యం ఎవరిదో మీకు అర్థమయ్యే ఉంటుంది.