అమ్చిట్కాలో తిరగబడ్డ ప్రశ్న

సముద్రంలో ఎవరు ఎవరివల్ల బతుకుతారన్న ప్రశ్నకి 1960ల దాకా చాలామంది జవాబు కిందినుంచి పైకి చెప్పుకునేవాళ్లు. నాచు ఉంటే దాన్ని తినే జీవులుంటాయి, అవి ఉంటే వాటిని వేటాడేవి ఉంటాయి. వేటాడే జంతువు ఈ లెక్కలో చివరి అంకె. ఆ లెక్కని తలకిందులు చేసినవాళ్లలో జేమ్స్ ఎస్టిస్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఒకడు.

ఇది జరిగిన చోటు అమ్చిట్కా. అలాస్కా నుంచి రష్యా వైపు బారులు తీరిన అల్యూషన్ దీవుల్లో ఒకటి. అమెరికా అక్కడ 1965, 1969, 1971లలో భూగర్భ అణుపరీక్షలు జరిపింది. వాటివల్ల సీ ఆటర్లకు ఏమవుతుందోనన్న ఆందోళన ఉండటంతో అణుశక్తి కమిషనే పరిశోధనకు డబ్బిచ్చింది. ఎస్టిస్ అక్కడికి చేరింది అలాగే.

సీ ఆటర్ అంటే సముద్రంలో బతికే నీటికుక్క. చలిని ఆపే కొవ్వు పొర దానికి లేదు, ఒత్తయిన బొచ్చే దిక్కు. పైగా రోజూ తన బరువులో దాదాపు నాలుగో వంతు తినాలి. ఆ బొచ్చే దాని ప్రాణం మీదకి తెచ్చింది. బేరింగ్ యాత్రలో బతికి బయటపడ్డవాళ్లు 1742లో ఆ తోళ్లు వెంట తెచ్చాక వేట మొదలై, 1911 నాటి అంతర్జాతీయ ఒప్పందం దాకా సాగింది. అప్పటికి అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపు మిగిలాయి. అమ్చిట్కా చుట్టూ అవి మళ్లీ పెరిగాయి. పడమరనున్న షెమ్యా దీవికి మాత్రం 1970ల మొదట్లో కూడా తిరిగి రాలేదు.

కెల్ప్ అనే పెద్ద నాచు అడవులు ఆటర్లని ఎలా పోషిస్తున్నాయన్నది ఎస్టిస్ మొదట్లో అనుకున్న ప్రశ్న. అంటే ఆ పాత లెక్కే. 1971లో రాబర్ట్ పైన్ అమ్చిట్కా వచ్చాడు. వాషింగ్టన్ రాష్ట్రంలోని మకా బే దగ్గర రాళ్ల మీంచి స్టార్‌ఫిష్‌లని ఏరి పారేస్తే, ఆల్చిప్పలు మిగతా జీవుల చోటంతా ఆక్రమించాయని 1966లోనే చూపించిన మనిషి ఆయన. ప్రశ్నని తిప్పి చూడమన్నాడు. ఆటర్లు అడవికి ఏం చేస్తున్నాయి?

అది తేలాలంటే ఆటర్లు లేని చోటు కావాలి. ఆ ఏర్పాటు బొచ్చు వ్యాపారులు ఎప్పుడో చేసిపెట్టారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ఇదొక ఏ/బీ టెస్ట్. షెమ్యా దగ్గర నీళ్లలోకి దిగితే అడుగంతా సీ అర్చిన్లే, అంటే ఒళ్లంతా ముళ్లతో నాచు మేసే గుండ్రటి జీవులు. కెల్ప్ దాదాపు లేదు. అమ్చిట్కాలో ఆటర్లు అర్చిన్లని తినేస్తాయి గనక అడవి నిలిచింది. ఎస్టిస్, జాన్ పాల్మిసానో కలిసి 1974లో 'సైన్స్' పత్రికలో ఈ సంగతి రాశారు.

రెండు దీవుల మధ్య తేడాకి వేరే కారణాలూ ఉండొచ్చు కదా అనొచ్చు. న్యాయమైన అనుమానమే. అయితే 1990లలో ఆ దీవుల్లో ఆటర్లు మళ్లీ పడిపోయాయి, అర్చిన్లు పెరిగాయి, కెల్ప్ తరిగిపోయింది. కిల్లర్ వేల్స్ ఆటర్లని తినడమే కారణమని ఎస్టిస్ బృందం 1998లో వాదించింది. కారణం మీద వాదనలున్నా, అడవి మాత్రం ఆటర్ల వెంటే పోయింది.

ఈ చరిత్రలో నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. 1971 నవంబర్ 6న అమ్చిట్కా కింద దాదాపు 5 మెగాటన్నుల బాంబు పేలింది. వందల ఆటర్లు చచ్చిపోయాయి. వాటి గురించి మనకి తెలియడానికి డబ్బిచ్చిందీ, వాటిని చంపిందీ ఒకే సంస్థ. అంతకుముందు, 1911లో వేట ఆగకపోయుంటే అమ్చిట్కా గుంపు కూడా మిగిలేది కాదేమో. అప్పుడు పోల్చి చూడ్డానికి ఏ దీవీ ఉండేది కాదు. షెమ్యా దగ్గరి బోడి అడుగునే చూసి, ఈ సముద్రం ఎప్పుడూ ఇంతేనని పుస్తకాల్లో రాసుకునేవాళ్లం.