కడివెడు నీళ్ళ ఖరీదు

చేదలో పైకొచ్చిన నీళ్ళు కిరసనాయిలు కంపు కొడుతుంటే మీరైతే ఏం చేస్తారు? పారబోసి పక్కింటి నూతికి వెళతారు. పక్కింటి నుయ్యీ అదే కంపయితే? ఊళ్ళో నూతులన్నీ అంతే అయితే?

నైజీరియాలో, నైజర్ నది సముద్రంలో కలిసేచోట ఒగోనీ అనే చిన్న సీమ ఉంది. అక్కడి ఆడవాళ్ళకి ఇది రోజూ తెల్లారేసరికి ఎదురయ్యే ప్రశ్న.

ఒగోనీలు పెండలం, కర్రపెండలం పండించుకుంటూ, మడ అడవుల మధ్య పాయల్లో చేపలు పట్టుకుంటూ బతికినవాళ్ళు. 1958లో వాళ్ళ నేలలో చమురు పడింది. పెరట్లో లంకెబిందెలు దొరికితే ఆ ఇంటివాళ్ళు బాగుపడాలి కదండీ! ఇక్కడ బిందెలు కంపెనీకీ, సర్కారుకీ వెళ్ళాయి. మసీ మడ్డీ ఇంటివాళ్ళకి మిగిలాయి. గొట్టాలు చిల్లిపడి చమురు పొలాల్లోకి, పాయల్లోకి పారింది.

ఈ అన్యాయాన్ని లోకానికి చెప్పినవాడు కెన్ సారో-వివా అనే రచయిత. 1980లలో ఆయన రాసిన టీవీ హాస్య ధారావాహిక ‘బాసీ అండ్ కంపెనీ’ అంటే నైజీరియాలో ఇంటిల్లిపాదీ ముందు కూర్చునేవారు. అలా నవ్వించిన మనిషి 1990లో తనవాళ్ళతో కలిసి హక్కుల పత్రం ప్రకటించాడు. 1993 జనవరి 4న దాదాపు 3 లక్షలమంది, అంటే ఆ సీమ జనంలో సుమారు సగంమంది, శాంతంగా ఊరేగారు. ఆ ఏడే షెల్ కంపెనీ అక్కడ చమురు తోడడం ఆపేసింది. 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం సారో-వివానీ, మరో ఎనిమిదిమందినీ హత్యానేరం మోపి ఉరితీసింది.

తోడడం ఆగినా గొట్టాలు పోలేదు, మడ్డీ పోలేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థవాళ్ళు ఒగాలె ఊరి నూతినీళ్ళు పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చారు. కేన్సరు తెచ్చే బెంజీను, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకి 900 రెట్లు పైన ఉంది. ఆ నివేదికలో నా గుండెకి తగిలిన మాట ఇంకొకటి ఉంది. నీళ్ళు చెడ్డవని ఊరివాళ్ళకి తెలుసట. అయినా వంటకీ, స్నానానికీ, బట్టలకీ అవే వాడుతున్నారట, వేరే దిక్కులేక. తెలిసి తెలిసీ ఆ నీళ్ళతో ఎసరు పెట్టిన తల్లి చెయ్యి ఎలా ఆడిందో!

శుభ్రం చెయ్యడానికి 25 నుంచి 30 ఏళ్ళు పట్టవచ్చని ఆ సంస్థ చెప్పింది. నేలమీద పని మొదలయ్యేసరికే 2019 వచ్చింది. ఒగాలెవాళ్ళు లండను కోర్టుకెక్కితే, మీ గోడు ఇక్కడ వినవచ్చు అనిపించుకోవడానికే 2021 దాకా ఆగాల్సి వచ్చింది.

2025 జూన్‌లో నైజీరియా అధ్యక్షుడు ఉరితీసిన ఆ తొమ్మిదిమందికీ క్షమాభిక్ష ప్రకటించాడు. పోయినవాళ్ళని క్షమించడమేమిటో నాకు బోధపడలేదు. క్షమించవలసింది ఎవరు, క్షమాపణ అడగవలసింది ఎవరు? ఒగాలెలో నూతి గట్టున ఖాళీ కడవతో నుంచున్న ఇల్లాలిని అడగండి, చెబుతుంది.